సెప్టిక్ ట్యాంకు తోడించిన వారానికే మళ్లీ ఎదురుతన్నుతోంది: లోపం ట్యాంకులోనా, ఇంకుడు కందకాల్లోనా?

పెరటిచెమ్మ (ప్రశ్న)

ఇంట్లో ఆరుగురం. రెండు అరల సెప్టిక్ ట్యాంకు, 3,000 లీటర్లది. దాని తర్వాత డిస్ట్రిబ్యూషన్ బాక్సు (నీళ్లను కందకాలకు పంచే పెట్టె), అక్కడి నుంచి మూడు ఇంకుడు కందకాలు. ఒక్కో కందకం 12 మీటర్ల పొడవు, 60 సెం.మీ. వెడల్పు. కంకర మధ్యలో 4 అంగుళాల చిల్లుల పైపు. వేసి 11 ఏళ్లయింది. పైన అర మీటరు దాకా గుల్లనేల, ఆ కింద కొంచెం బంక కలిసిన ఎర్రమట్టి.

ఇప్పుడు కనబడుతున్నవి ఇవి. కింది బాత్రూంలో నీళ్లు మెల్లగా దిగుతున్నాయి, ఫ్లష్ చేస్తే నేల జాలీలోంచి గుడగుడమని చప్పుడు. మొదటి కందకం మీద గడ్డి మిగతా చోట్ల కంటే ముదురు పచ్చగా, ఒత్తుగా ఉంది. అక్కడ అడుగు వేస్తే చెప్పు దిగబడుతుంది, మురుగు వాసన. రెండు నెలల క్రితం ట్యాంకు పూర్తిగా తోడించాం. వారం రోజులు బాగుంది, తర్వాత మళ్లీ మొదలు. వాన పడ్డ రోజుల్లో ఇంకా ఎక్కువ.

ఒకరు యాసిడ్ పోయమన్నారు, ఒకరు బ్యాక్టీరియా పొడి వేయమన్నారు, ఇంకొకరు పక్కనే లోతుగా ఇంకో ఇంకుడు గుంత తవ్వేయమన్నారు. ఏది చేయాలన్నా ముందు లోపం ఎక్కడుందో తెలియాలి కదా. ఇంట్లోనే చూసుకోగల పరీక్షలు ఏమున్నాయి? ఏ వరుసలో చేయాలి?

మట్టిమట్టం (జవాబు)

పలుగూ పారా తీయకముందే నీటి మట్టాలు చూడండి. ఏ మూత తీస్తే నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో రాసుకుంటూ పోతే, అవి ఎక్కడ ఆగుతున్నాయో దానంతటదే బయటపడుతుంది.

ముందుగా జాగ్రత్త. ట్యాంకులోకి తల వంచకండి, ఎట్టి పరిస్థితిలోనూ దిగకండి, అది ఖాళీగా ఉన్నా సరే. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, కాబట్టి వాసన లేదంటే గ్యాస్ లేదని కాదు. మీథేన్ కూడా ఉంటుంది, నిప్పు దగ్గరకు రానివ్వొద్దు. పక్కన ఇంకొకరు ఉండాలి. తీసిన మూతను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదిలేసి వెళ్లొద్దు. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, గమ్ బూట్లు వేసుకోండి. తడిగా ఉన్న ఆ కందకం చుట్టూ ఈరోజే తాడు కట్టి పిల్లల్ని, పశువుల్ని అటు పోనివ్వకండి. 30 మీటర్ల లోపు తాగునీటి బావి గానీ బోరు గానీ ఉంటే కోలిఫాం (మురుగు కలిసిందని తెలిపే బ్యాక్టీరియా), నైట్రేట్ పరీక్ష చేయించే దాకా ఆ నీళ్లు తాగొద్దు.

మొదటి మట్టం ట్యాంకులో, బయటికి పోయే పైపు దగ్గర. ఆరోగ్యంగా ఉన్న ట్యాంకులో నీళ్లు సరిగ్గా ఆ పైపు అడుగు అంచు దాకా ఉంటాయి. అంచు కంటే కిందికి దిగి ఉంటే ట్యాంకే కారుతోంది. అంచు దగ్గరే ఉండి ఇంట్లో మాత్రం ఎదురుతన్నుతుంటే అడ్డు ఇంటికీ ట్యాంకుకూ మధ్య పైపులో ఉన్నట్టు, కందకాల జోలికి పోనక్కర్లేదు. అంచు దాటి పైకి వచ్చిందంటే అడ్డు దిగువన ఉంది: ఫిల్టరు (బయటికి పోయే పైపు దగ్గర నలకలను ఆపే జల్లెడ), బాక్సు, పైపు, కందకం, వీటిలో ఏదో ఒకటి. ఫిల్టరు ఉంటే తీసి కడిగి పెట్టి, అరగంటలో మట్టం దిగిందా చూడండి. దిగితే అంతటితో అయిపోయింది.

రెండో మట్టం డిస్ట్రిబ్యూషన్ బాక్సులో. మూత తీసి మూడు రంధ్రాలూ చూడండి. నీళ్లు నిలవకుండా ఒక రంధ్రంలోకే పారుతుంటే బాక్సు ఒక పక్కకు ఒరిగింది. మూడు రంధ్రాలూ మునిగి ఉంటే కందకాలు నిండిపోయాయి, లేదా పైపులు మూసుకుపోయాయి. గోడ మీద నల్లటి చారలు కూడా చూడండి, నీళ్లు ఎంత ఎత్తు దాకా వచ్చి పోతున్నాయో అవి చెబుతాయి.

మూడోది ఒక్కో కందకంలో. చివర నిలువు పైపు ఉంటే సన్నటి కర్ర దించి తడి ఎంత దాకా ఉందో కొలవండి. లేకపోతే చేతి ఆగరుతో (మట్టిలో రంధ్రం వేసే బర్మా) కందకం మధ్యలో కంకర దాకా ఒక రంధ్రం వేయండి. పైపు మీద పడకుండా నడిమి గీతకు 15 సెం.మీ. పక్కన వేయాలి.

నాలుగోది చాలామంది వదిలేసే పరీక్ష, కానీ తీర్పు చెప్పేది ఇదే. మొదటి కందకం అంచుకు 80 సెం.మీ. నుంచి ఒక మీటరు అవతల, కందకం అడుగు కంటే కొంచెం లోతుగా ఇంకో రంధ్రం వేసి ఒక రాత్రి వదిలేయండి. కందకం లోపల, బయట నీళ్లు ఒకే మట్టంలో ఉంటే నేలలోని ఊట నీరే పైకొచ్చింది, ఆ నీరు తగ్గితే తప్ప ఏ మరమ్మతూ నిలవదు. లోపల నిండుగా ఉండి బయట రంధ్రం పొడిగా ఉంటే మధ్యలో మట్టి మూసుకుపోయినట్టు. మొదటి రకానికి వాననీటిని పక్కకు మళ్లించాలి, రెండో రకానికి కందకానికి విశ్రాంతి ఇవ్వాలి. ఈ రెంటినీ తారుమారు చేసుకోవడం వల్లే ఎంతో తవ్వకం వృథా అవుతుంది.

వీటితోపాటు ట్యాంకులో మడ్డి, తెట్టు కొలవండి. పొడవాటి కర్రకు తెల్ల గుడ్డ చుట్టి అడుగు దాకా దించి, రెండు నిమిషాలు ఆగి మెల్లగా తీస్తే మడ్డి ఉన్నంత మేర నల్లగా మరక పడుతుంది. మడ్డి పై అంచుకూ బయటికిపోయే టీ (పైపు మొదట్లో నిలువుగా ఉండే T ఆకారపు గొట్టం) కింది మూతికీ మధ్య 30 సెం.మీ. ఖాళీ లేకపోయినా, తెట్టు అడుగు ఆ మూతికి 7–8 సెం.మీ. దగ్గరికి వచ్చినా తోడించే సమయం వచ్చింది. మీరు రెండు నెలల క్రితమే తోడించారు కాబట్టి తక్కువే ఉండాలి, కానీ టీ ఉందో లేదో తప్పక చూడండి.

నీటిలెక్క (జవాబు)

మట్టాలతోపాటు నీటి లెక్క కూడా చూడాలండీ. తోడించాక వారం బాగుండటంలో అర్థం కానిదేమీ లేదు. 3,000 లీటర్ల ఖాళీ ట్యాంకు ఆరుగురి వాడకానికి నాలుగు రోజుల్లో నిండుతుంది, ఆ నాలుగు రోజులూ కందకాలకు చుక్క పోదు. అంటే ఆ వారం బాగుపడింది కందకం కాదు, దానికి కాస్త సెలవు దొరికిందంతే. తోడించే రోజు ఇంకో గుర్తు కూడా దొరుకుతుంది. ట్యాంకు ఖాళీ అవుతుండగా బయటికిపోయే పైపులోంచి నీళ్లు వెనక్కి ట్యాంకులోకి పారితే కందకాలు నిండి ఉన్నాయని రూఢి.

ఇంట్లో నీళ్లు ఎక్కడైనా ఊరికే పోతున్నాయేమో చూడండి. రాత్రి పడుకునే ముందు మీటరు అంకె రాసుకుని పొద్దున ఎవరూ కొళాయి తిప్పకముందే మళ్లీ చూడండి. మీటరు లేకపోతే ఓవర్‌హెడ్ ట్యాంకులోకి నీళ్లు రాకుండా కట్టేసి మట్టం దగ్గర గీత పెట్టుకోండి. ఎన్ని సెంటీమీటర్లు దిగిందో చూసి అడుగు వైశాల్యంతో గుణిస్తే లీటర్లు వస్తాయి. చదరపు మీటరు అడుగున్న ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగితే 10 లీటర్లు.

తేడా ఉంటే మొదట అనుమానించాల్సింది ఫ్లష్ ట్యాంకు. దానిలో కాస్త రంగు కలిపి 20–30 నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఉంచండి. కమోడ్‌లో రంగు కనబడితే అడుగు రబ్బరు మూత కారుతోంది. ఫ్లోటు సరిగా ఆగకపోతే నీళ్లు పొంగు గొట్టంలోంచి చప్పుడు లేకుండా పోతుంటాయి, అందుకే నెలల తరబడి ఎవరికీ తెలియదు. అటువంటి ఒక్క లోపమే ఒక మనిషి వాడకానికి రెండింతలు కందకాల్లోకి పంపగలదు. మేడ మీది వాననీటి గొట్టం గానీ, ఏసీ నీళ్లు గానీ, వాటర్ సాఫ్టెనర్ (నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం) కడిగిన నీళ్లు గానీ ట్యాంకులోకి కలిపి ఉంటే అవి కూడా విడదీయాలి. సాఫ్టెనర్ నీళ్లలోని సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి రంధ్రాలు పూడ్చేస్తుంది.

లోపం తేలే వరకు బట్టల మెషిన్ రోజుకు ఒక్కసారే వేయండి, అన్నీ ఒకే రోజు ఉతకొద్దు.

పెరటిచెమ్మ

చెప్పినవన్నీ చూశాను. కొలతలు ఇవి:

ట్యాంకులో నీళ్లు బయటికిపోయే పైపు అడుగుకు 6 సెం.మీ. పైన ఉన్నాయి. ఫిల్టరు అసలు లేదు. టీ కింది గొట్టం విరిగి ఊడిపోయింది, అడ్డంగా ఉన్న ముక్క మాత్రమే మిగిలింది. మడ్డి 12 సెం.మీ., తెట్టు పల్చగా.

బాక్సులో మూడు రంధ్రాలూ మునిగే ఉన్నాయి. మొదటి రంధ్రం మూడోదాని కంటే 12 మి.మీ. కిందికి ఉంది.

కందకాల్లో కొలిస్తే మొదటిదానిలో 40 సెం.మీ. నీళ్లు, రెండోదానిలో 34, మూడోదానిలో చుక్క లేదు, కంకర పొడిగా ఉంది. మొదటి కందకానికి మీటరు దూరంలో వేసిన రంధ్రం 90 సెం.మీ. లోతు, రాత్రంతా పొడిగానే ఉంది.

రాత్రి 10 నుంచి 5 దాకా మీటరు 84 లీటర్లు తిరిగింది. పై బాత్రూం ఫ్లష్ ట్యాంకు రబ్బరు మూత కారుతోంది, రంగు వెంటనే కనిపించింది. పగటి వాడకం మనిషికి 130 లీటర్ల దాకా ఉంది.

మూడో కందకం పొడిగా ఉండటం ఏమిటో అర్థం కావడం లేదు. మంచిదా, చెడ్డదా?

మట్టిమట్టం

మంచిదే, మీ చేతిలో ఉన్న గొప్ప వార్త అదే. బాక్సులో మూడో రంధ్రం మునిగి ఉంది, దాని కందకం మాత్రం ఎండిపోయి ఉంది. రెంటి మధ్య పైపు మూసుకుపోయింది. అంటే 11 ఏళ్లలో కొన్నేళ్లుగానైనా ఆ కందకం పని చేయలేదు, దాని మట్టి ఇంకా తాజాగా ఉంది.

లెక్క చూడండి. ఆరుగురికి రోజుకు 780 లీటర్లు. గంటకు 12 లీటర్ల చొప్పున కారేది రోజుకు 288. కలిపి 1,068 లీటర్లు. మూడు కందకాల అడుగు 21.6 చదరపు మీటర్లు, పని చేస్తున్న రెండింటిది 14.4. అంటే చదరపు మీటరుకు రోజూ 74 లీటర్లు. బంక కలిసిన మట్టి ఏళ్ల తరబడి మోసేదానికి ఇది మూడింతలు. కారడం ఆపి మూడు కందకాలూ తెరిస్తే 36కి వస్తుంది. సగానికి సగం తగ్గినా ఇంకా ఎక్కువే, దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదటి రెండు కందకాల్లో ఏం జరిగిందంటే, టీ విరిగినందున తెట్టు, జిడ్డు, నలకలు నేరుగా అక్కడికి పోయాయి. కంకర అడుగునా పక్క గోడల్లోనూ నల్లటి జిగురు పొర కట్టింది, దాన్నే బయోమ్యాట్ అంటారు. గాలి అందని చోట బతికే బ్యాక్టీరియా, వాటి జిగురు, సల్ఫైడు కలిసిన ఇనుము, ఇవన్నీ చేరి అది తయారవుతుంది. పలుచగా ఉన్నంతసేపు మేలే చేస్తుంది, మురుగును వడకట్టేది అదే. మందమైతే నీళ్లను ఆపేస్తుంది. మొదటి కందకం అంచున చిన్న గుంత తీస్తే చూడొచ్చు: కంకర తొలగించగానే తారు పూసినట్టు నల్లగా, వేలితో తాకితే జారుతూ, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది. ఆ మట్టిని ఒక పళ్లెంలో గాలికి పెడితే సల్ఫైడు ఆక్సీకరించి నలుపు మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది. కందకానికి విశ్రాంతి ఎందుకు ఇవ్వాలో ఆ పళ్లెమే చూపిస్తుంది. గాలి తగిలితే ఆ పొరను గాలితో బతికే సూక్ష్మజీవులు తినేస్తాయి, నీళ్లు నిలిచి ఉన్నంతకాలం గాలి తగలదు.

పైపులవాటం (జవాబు)

పని వరుస ఇలా పెట్టుకోండి. ఫ్లష్ ట్యాంకు రబ్బరు మూత ఈరోజే మార్చండి. రెండోది టీ. మూడో కందకం పైపు, బాక్సు మట్టం ఆ తర్వాత. టీ పెట్టకుండా మూడో కందకం తెరిస్తే తాజా మట్టిలోకి కూడా నలకలు పంపినట్టవుతుంది.

టీ, ఫిల్టరు. 4 అంగుళాల పీవీసీ టీ చాలు. కింది గొట్టం నీటి లోతులో దాదాపు 40 శాతం దాకా దిగాలి. ట్యాంకులో నీటి లోతు 1.2 మీటర్లయితే 48 సెం.మీ. తెట్టుకు కింద, మడ్డికి పైన ఉండే స్వచ్ఛమైన పొర అక్కడే ఉంటుంది. పై గొట్టం నీటి మట్టానికి 15 సెం.మీ. ఎత్తు ఉండాలి, పైన మూత బిగించకండి, గ్యాస్ పోవాలి. కింది గొట్టం మరీ పొడవైతే మడ్డిని పీలుస్తుంది, పొట్టిదైతే తెట్టును. టీలో 1.5 మి.మీ. సందులున్న ఎఫ్లుయెంట్ ఫిల్టరు పెట్టండి, దాని మీదుగా నేల మట్టం దాకా రైజరు (మూత ఉన్న నిలువు గొట్టం) ఎత్తితే ప్రతిసారీ తవ్వాల్సిన పని ఉండదు. ఏడాదికి ఒకసారి తీసి ట్యాంకులోకే నీళ్లు పడేలా కడగాలి. ఫిల్టరు తీసినప్పుడు వెనకున్న నలకలు పైపులోకి పోకుండా ముందే మట్టం తగ్గించుకోండి. ఈ పనంతా ట్యాంకు తోడించిన రోజున, పైనుంచే, పొడవాటి పిడి సాయంతో చేయాలి. ఒకటి మరవకండి: నేలలో ఊట నీరు పైకొచ్చే కాలంలో ప్లాస్టిక్ లేదా ఫైబర్ ట్యాంకును పూర్తిగా ఖాళీ చేస్తే అది తేలిపోయి పైపులన్నీ విరుగుతాయి. పని కాగానే నీళ్లు పట్టండి.

మూడో కందకం పైపు. బాక్సు దగ్గర నుంచి స్టీలు స్ప్రింగు పంపి ఎంత దూరంలో ఆగుతుందో గుర్తు పెట్టుకోండి. అక్కడ నేల మీద నుంచి తవ్వండి. బాక్సుకు 1–2 మీటర్ల లోపు ఆగితే సాధారణంగా అతుకులోంచి దూరిన వేళ్లో, మట్టి కుంగి పైపు అతుకు జారడమో కారణం. వేళ్లయితే పైపులో జడలా అల్లుకుపోయి ఉంటాయి, లాగితే మీటరు పొడవున ఒకటే కట్టగా వస్తాయి. కోసి వదిలేస్తే ఏడాదిలో మళ్లీ వస్తాయి. బాక్సు నుంచి కందకం దాకా ఉన్న చిల్లుల్లేని ముక్కను పూర్తిగా మార్చి, అతుకులు సాల్వెంట్ సిమెంటుతో అంటించండి, రబ్బరు రింగు అతుకులు వేళ్లను ఆపవు. మైలుతుత్తం పోసి వేళ్లు చంపమని చెబుతారు. వద్దు, ట్యాంకులో పనిచేసే బ్యాక్టీరియాను కూడా అది చంపుతుంది, రాగి మట్టిలోనే ఉండిపోతుంది.

బాక్సు మట్టం. 12 మి.మీ. తేడా అంటే చిన్నదనిపిస్తుంది గానీ, మెల్లగా వచ్చే నీళ్లన్నీ కింది రంధ్రంలోకే పోవడానికి 3 మి.మీ. కూడా చాలు. రెండు మార్గాలున్నాయి. బాక్సును లేపి, కింద 10–15 సెం.మీ. కంకర పోసి దిమ్మిస చేసి రసమట్టంతో కూర్చోబెట్టడం ఒకటి. అది కష్టమైతే ప్రతి రంధ్రంలో తిప్పుడు మూతలు పెట్టడం రెండోది. వాటి రంధ్రం పక్కకు ఉంటుంది కాబట్టి తిప్పితే అంచు పైకీ కిందికీ జరుగుతుంది. ఏది చేసినా చివరికి రసమట్టాన్ని నమ్మొద్దు, నీళ్లనే నమ్మండి. బాక్సులో బకెట్టుతో మెల్లగా పోస్తూ మూడు అంచులనూ నీళ్లు ఒకేసారి తాకుతున్నాయా చూడండి. వాటం విషయం కూడా ఒక మాట. ఇంటి నుంచి ట్యాంకుకు మీటరుకు 2 సెం.మీ. వాటం ఉండాలి, కందకంలోని చిల్లుల పైపుకు మాత్రం 10 మీటర్లకు 2–3 సెం.మీ. మించకూడదు. ఎక్కువైతే నీళ్లన్నీ చివరికి పోయి అక్కడే పైకి ఉబుకుతాయి.

మొదటి రెండు కందకాల పైపుల్లో జిగురు పేరుకుని ఉంటే చివరి నుంచి బాక్సు వైపుగా జెట్టింగ్ (గట్టి ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగడం) చేయించొచ్చు. బాక్సు దగ్గర వచ్చిన మురికిని ఎప్పటికప్పుడు లాగేయాలి.

మట్టిమట్టం

జెట్టింగ్ గురించి ఒక సవరణ. అది పైపునూ చిల్లులనూ శుభ్రం చేస్తుంది, అంతవరకే. కంకర అవతల మట్టిలో కట్టిన పొరను అది తాకదు. మీ కందకాల్లో నీళ్లు పైపు దాకా నిలిచి ఉన్నాయి, కాబట్టి అడ్డు చిల్లుల్లో కాదు, మట్టిలో. జెట్టింగ్‌కు పెట్టే ఖర్చు కొత్త కందకానికి పెట్టడం మేలు.

యాసిడ్, పొడుల సంగతి తేల్చేద్దాం. యాసిడ్ కాంక్రీటును తింటుంది, ట్యాంకులోని బ్యాక్టీరియాను చంపుతుంది, వచ్చే గ్యాస్ మనిషిని కూడా చంపగలదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి గట్టి మందులు బంకమట్టి నిర్మాణాన్ని చెదరగొట్టి తర్వాత ఇంకకుండా చేస్తాయి. బ్యాక్టీరియా పొడి వల్ల ఒరిగేదేమీ లేదు, ట్యాంకులో పడే ప్రతి ఫ్లష్‌లోనూ కావలసినన్ని ఉన్నాయి. లోతైన గుంత కూడా వద్దు. లోతుకు పోయే కొద్దీ గాలి తగ్గుతుంది, బంక పెరుగుతుంది, ఊట నీటికి దగ్గరవుతారు. కందకం అడుగుకూ వానాకాలపు ఊట మట్టానికీ మధ్య కనీసం 60 సెం.మీ., వీలైతే ఒక మీటరు పొడి మట్టి ఉండాలి. సూక్ష్మజీవులు చచ్చేది ఆ పొడి మట్టిలోనే.

ఇక చదరపు మీటరుకు 36 లీటర్ల సంగతి. అది ఇంకా ఎక్కువే కాబట్టి కొత్త కందకాలు కావాలి. కొత్త కందకాల చోటులో ముందు ఇంకుదల పరీక్ష చేయండి. కందకం అడుగు రావాల్సిన లోతులో 15–30 సెం.మీ. వెడల్పు గుంత తీసి, గోడల నునుపును మేకుతో గీరి, అడుగున 5 సెం.మీ. సన్న కంకర వేయండి. 30 సెం.మీ. నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి. నానబెట్టకుండా కొలిస్తే పొడి మట్టి పీల్చుకునే వేగం వస్తుంది, అది అబద్ధపు అంకె. మర్నాడు కంకర మీద 15 సెం.మీ. నీళ్లు ఉంచి, 30 నిమిషాలకోసారి దిగింది కొలిచి మళ్లీ నింపుతూ, అంకె నిలకడ అయ్యేదాకా చేయండి. చివరి అంకె తీసుకుని 25 మి.మీ. దిగడానికి ఎన్ని నిమిషాలో లెక్కగట్టండి. ఆ నిమిషాల వర్గమూలంతో 204ను భాగిస్తే చదరపు మీటరుకు రోజుకు ఎన్ని లీటర్లో వస్తుంది. 16 నిమిషాలు వచ్చిందనుకోండి, 204ను 4తో భాగిస్తే 51. 780 లీటర్లకు 15.3 చదరపు మీటర్లు. 60 నిమిషాలు దాటితే ఆ నేల కందకాలకు పనికిరాదు.

ఇది శుభ్రమైన నీళ్లతో చేసిన పరీక్ష. మురుగుకు పొర కడుతుంది కాబట్టి నేను ఒకటిన్నర రెట్లకు తక్కువ వేయమని చెప్పను. అంటే ఈ ఉదాహరణలో దాదాపు 23 చదరపు మీటర్లు, 60 సెం.మీ. వెడల్పున 38 మీటర్ల పొడవు. మీ మూడో కందకం 12 మీటర్లుంది, కొత్తగా 13 మీటర్లవి రెండు వేస్తే సరిపోతుంది. అప్పుడు మొదటి రెండింటికీ పూర్తి విశ్రాంతి ఇవ్వగలరు. పాత కందకాల మధ్యలోనే ఇరికించకండి, నడుమకు నడుమ 2 మీటర్ల దూరం ఉంచండి. ఎంత దూరంలో ఏది ఉండాలన్నది మీ చోటి నిబంధనలతో సరిచూసుకుని, అనుమతి కావాలంటే తవ్వకముందే తీసుకోండి.

తవ్వడంలోనే సగం కందకాలు చెడతాయి. తవ్వే లోతులోంచి పిడికెడు మట్టి తీసి అరచేతుల మధ్య తాడులా చేయండి. 3 మి.మీ. తాడు విరగకుండా వస్తే మట్టి తడిగా ఉంది, ఆ రోజు తవ్వొద్దు. తడి బంకను పార గీస్తే గోడ అద్దంలా మెరుస్తుంది, ఆ మెరుపే నీటికి మూత. పొడిగా ఉన్నప్పుడు తవ్వి, అడుగునూ గోడలనూ ఇనుప పళ్ల దంతెతో గీరి గరుకు చేయండి. ఆ తర్వాత అడుగు మీద నడవొద్దు. లోతు 60 సెం.మీ. చాలు. అడుగు పొడవునా మట్టంగా ఉండాలి.

కడిగిన 20–40 మి.మీ. కంకర పైపు కింద 15 సెం.మీ., పైపు మీద 5 సెం.మీ. పోయండి. పైపుతో కలిపి కంకర ఎత్తు 30 సెం.మీ. కాబట్టి 13 మీటర్ల కందకానికి సుమారు 2.3 ఘనపు మీటర్లు పడుతుంది. కడగని కంకర పొడి మొత్తం అడుగున పేరుకుని మొదటి రోజే మూసేస్తుంది. బకెట్టు నీళ్లలో గుప్పెడు కంకర కలిపి చూడండి, నీళ్లు బురదగా మారితే వెనక్కి పంపండి. పైపు చిల్లులు కిందికి వాలుగా, రెండు పక్కలా ఉండాలి. కంకర మీద పల్చటి జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవండి, ప్లాస్టిక్ కాగితం కాదు, గాలి పోవాలి. చివర నిలువు పైపు మూతతో పైకి తీయండి. మట్టి కుంగుతుంది కాబట్టి నేల కంటే 8–10 సెం.మీ. ఎత్తుగా పోసి గడ్డి నాటండి. వాహనం ఎక్కనివ్వొద్దు.

పెరటిచెమ్మ

మూడో పైపు 1.3 మీటర్ల దగ్గర ఆగింది. తవ్వితే చెప్పినట్టే వేళ్ల జడ. మూడు మీటర్ల అవతల ఉన్న చెట్టువి. ఇంకో రెండు సందేహాలు. వానలో ఎక్కువ కావడానికి కారణం ఊట కాదు కదా, మరేమిటి? పాత రెండు కందకాలు కోలుకున్నాయని ఎలా తెలుస్తుంది?

నీటిలెక్క

వాననీళ్లు పైనుంచి వస్తున్నాయి. మొదటి కందకం మీద మట్టి కుంగి పళ్లెంలా అయి ఉంటుంది, చూడండి. అప్పటికే నిండిన కందకంలోకి ఆ నీళ్లు కూడా చేరితే పొంగక తప్పదు. మట్టి పోసి పక్కలకు వాలు చేయండి, మేడ గొట్టాల నీళ్లు కందకాలకు ఎగువన వదలకండి. నేల వాలుగా ఉంటే ఎగువ వైపు 3 మీటర్లు లేదా ఇంకా దూరంలో చిన్న కాలువ తీసి నీళ్లను పక్కకు మళ్లించండి. కందకం మీదుగా పోయే కాలువ మాత్రం తీయొద్దు. ఆ చెట్టు సంగతి కూడా ఆలోచించండి. పూర్తిగా పెరిగాక చెట్టు ఎంత ఎత్తుంటుందో కందకానికి అంత దూరం ఉండటం మేలు.

మట్టిమట్టం

కొత్త కందకాలు పని మొదలుపెట్టాక బాక్సులో మొదటి, రెండో రంధ్రాలకు బిరడాలు వేయండి. నిలిచిన నీళ్లను నిలువు పైపుల్లోంచి ట్యాంకరుతో లాగించేస్తే గాలి అంత త్వరగా చేరుతుంది. తర్వాత వారానికొకసారి, ఒకే రోజున, కర్రతో మట్టం కొలిచి రాయండి. మొదట్లో రోజుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగినా నిరుత్సాహపడొద్దు. పొర చిక్కగా ఉన్నప్పుడు అంతే దిగుతుంది. కంకర పూర్తిగా ఎండాక కూడా 6 నెలలకు తక్కువ కాకుండా, వీలైతే ఏడాది వదిలేయండి.

తెరిచే ముందు ఆ నిలువు పైపులోంచి 200 లీటర్ల శుభ్రమైన నీళ్లు ఒకేసారి పోయండి. 7.2 చదరపు మీటర్ల అడుగులో అది 3 సెం.మీ. లోతు నీళ్లు, కంకర రాళ్లు చోటు తీసుకుంటాయి కాబట్టి కర్ర మీద 7–8 సెం.మీ. కనబడుతుంది. మర్నాటికి తడి తప్ప ఏమీ లేకపోతే బిరడా తీయొచ్చు. సగం నీళ్లు ఇంకా ఉంటే మళ్లీ మూసి మూడు నెలలు ఆగి చూడండి. తెరిచాక కొత్త రెండింటిలో ఒకదానికి బిరడా మార్చండి, అలా ఏడాదికోసారి తిప్పుతూ ఉండండి. బిరడా వేసిన తేదీ, ఏ కందకానికి వేశారన్నది బాక్సు మూత లోపలి వైపు పెయింటుతో రాసిపెట్టండి. తర్వాత మూత తీసేవారికి అది అక్కడే కనబడాలి.